తొమ్మిదో ప్రశ్న

మంగళవారం ఉదయం ఏడున్నరకల్లా లిఫ్టు మెకానిక్కు తన డబ్బా పట్టుకుని ఆసుపత్రి వెనక గేటు దాటాడు. మూత బిగించిన తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని చుట్టూ ఐసు సంచి, ఆ పైన కూతురి పాత లంచ్ బ్యాగు. చూసినవాళ్ళు భోజనమే అనుకుంటారు. మొదట్లో ఒకసారి గేటు దగ్గర సెక్యూరిటీ తాత కూడా అలాగే అనుకుని, ఇవాళ కూరేమిటని ఆరా తీశాడు. ఆ సంగతి ఒక్క పూటలో ఏడంతస్తులూ ఎక్కింది. నర్సులు పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మెకానిక్కే.

అతన్ని అక్కడ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. హుషారు అంటారు. లిఫ్టు మధ్యలో ఆగి లోపలివాళ్ళు కేకలు పెడుతుంటే, తలుపు సందులోంచి కబుర్లు చెప్పి, వాళ్ళను నవ్వించి కుదుటపరిచి మరీ బయటికి తీస్తాడు. అలా వచ్చిన పేరది. బయటినుంచి లిఫ్టు తలుపులు తెరవాలంటే మూడుమూలల తాళంచెవి ఒకటి కావాలి. అది ఎప్పుడూ అతని నడుముకే ఉంటుంది. దాన్ని తీసి వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ, ఈల వేసుకుంటూ నడవడం అతని అలవాటు. ఆ చప్పుడు వినపడితే మంచం మీదున్న పేషెంట్లు కూడా హుషారొచ్చాడు అనుకునేవారు.

ఈ మధ్య ఈల లేదు. తాళంచెవి మాత్రం తిరుగుతోంది. తేడా ఉందని ఎవరికీ తోచలేదు. చప్పుడంటూ ఏదో ఒకటి ఉంటే జనానికి సరిపోతుంది.

శాంపిళ్ళ గది రెండో అంతస్తు చివర ఉంది. అక్కడి నర్సు యాభై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు కాబట్టి కుర్చీలోంచి లేవకుండానే సగం పని చక్కబెడుతుంది. చేతికి తొడుగులు వేసుకుని డబ్బా అందుకుంది, తూచింది, చీటీ అంటించింది, పక్కనున్న ఫ్రీజరు గదిలోకి చిన్న కిటికీలోంచి జరిపేసింది. తొడుగులు విప్పి ఫారం ముందుకు తోసింది.

డబ్బాతో పాటు ప్రతిసారీ నింపవలసిన ఫారమది. అందులో తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో దిగులుగా అనిపించిందా, నిద్ర చెడిందా, ఆకలి మందగించిందా, ఇలా సాగుతాయి. అవునుకొక గడి, లేదుకొక గడి. చివర, గత మూడు నెలల్లో ఏమైనా మందులు వాడారా అని ఇంకో వరస. వీటిని ఒక్కొక్కటే చదివి వినిపించి, జవాబు విన్నాకే టిక్కు పెట్టాలని రూలు. హుషారు విషయంలో మాత్రం నర్సు తన సొంత పద్ధతి పెట్టుకుంది. నెల మొదట్లోనే అతని ఫారాలన్నీ ముందేసుకుని, ఒకే ఊపులో పైనుంచి కిందిదాకా 'లేదు' గళ్ళన్నీ టిక్కులతో నింపేసేది. అతను వచ్చి సంతకం పెడితే చాలు. నవ్వేవాణ్ణి కూర్చోబెట్టి ఏడుపొస్తోందా అని అడగడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

"అంతా మామూలేగా?" అంది.

"మామూలే సిస్టర్."

పెన్ను అందుకుని ఒక్క క్షణం ఆగాడు. మందుల వరసలో నీలం టిక్కు ఎప్పుడో ఎండిపోయి ఉంది. నర్సు అప్పటికే తర్వాతి డబ్బా చీటీ రాసుకుంటోంది. సంతకం పెట్టేశాడు.

ఇదంతా డాక్టరమ్మ చేస్తున్న పరిశోధన. మనిషి పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురముంటాయట. వాటికీ, మనిషి దిగులుకీ, బెంగకీ ఏదో లంకె ఉండొచ్చట. కులాసాగా ఉండే మనుషుల మలంలోంచి ఆ జీవుల్ని తీసి, శుభ్రం చేసి, గొట్టం మాత్రల్లో నింపి దిగులు జబ్బువాళ్ళకు ఇచ్చి చూస్తున్నారు. సగం మందికి అసలు మాత్రలు, సగం మందికి ఉత్తవి. కులాసా మనిషి దొరకడం ఎంత కష్టమో ఆవిడకు అప్పుడే తెలిసొచ్చింది. నూట పదిమందిని గాలిస్తే నలుగురు తేలారు. అందులో మొదటివాడు హుషారు.

ఆవిడ బొమ్మ గీసి మరీ అతనికి చెప్పింది. పైన మెదడు, కింద పేగులు, మధ్యలో పొడుగాటి నరం. అతను చటుక్కున అందుకుని, మా లిఫ్టులోనూ అంతే మేడమ్, పైన మెషిన్ గది, కింద బోను, మధ్యన వేలాడే కేబులు, అన్నాడు. ఆ మాట ఆవిడకు ఎంత నచ్చిందంటే, తర్వాత రెండు మీటింగుల్లో చెప్పుకుంది. అయితే ఎటునుంచి ఎటు కబురు పోతోందో ఇంకా సరిగ్గా తెలియదని మాత్రం ఆవిడ అప్పుడే అంది. ఆ ముక్క అతను అంతగా పట్టించుకోలేదు. తన ఒంట్లోంచి పోయేది కూడా ఇంకొకరికి మందు అవుతోంది, అది చాలు. పదిహేనేళ్ళుగా ఆ ఆసుపత్రిలో బోల్టులు బిగిస్తున్నాడు. ఒక డాక్టరు లేచి నిలబడి అతనితో చేయి కలపడం అదే మొదలు. కూతురు బడిలో మా నాన్న మందు తయారు చేస్తాడని చెప్పింది. ఎలా తయారు చేస్తాడో టీచరు అడక్కపోవడం అందరి అదృష్టం.

ఏడు వారాల క్రితం పన్ను వాచింది. పళ్ళ డాక్టరు ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాసిచ్చాడు. వాటితో పాటు, పొట్ట చెడకుండా అని, మంచి బ్యాక్టీరియా ఉండే ప్రొబయోటిక్ మాత్రలూ ఇచ్చాడు. యాంటీబయాటిక్ వాడితే మూడు నెలలు డబ్బా తేకూడదని హుషారుకు తెలుసు. చెబితే తనను పక్కన పెడతారు. పోయినవాటికి బదులు కొత్తవి మింగాను కదా, చెల్లుకు చెల్లు అనుకున్నాడు. టిక్కు ఎలాగూ పడే ఉంది.

పన్ను నెమ్మదించింది. పొట్టే మునుపటిలా లేదు, ఎప్పుడూ ఉబ్బరం. ఆ తర్వాత ఒకనాడు పొద్దున్నే షేవింగు చేసుకుంటూ చేయి ఆపేశాడు. ఏమీ జరగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. సగం గడ్డం మీద నురగ ఆరిపోయేదాకా అద్దం ముందు అలాగే నిలబడ్డాడు. మిగతా సగం గీసుకోవడానికి కారణం ఏమీ కనపడలేదు. ఆ రోజు నుంచి ఏ పని ముట్టుకున్నా అదే వరస.

ఆ మంగళవారం పదింటికి రెండో నంబరు లిఫ్టు తలుపు ఇరుక్కుంటోందని ఫోనొచ్చింది. నాలుగో అంతస్తులో తలుపు తెరిచి ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని గడప గాడిలోని చెత్త తీస్తున్నాడు. తలపిన్నులు, చొక్కా గుండీ, వాడేసిన మాత్ర రేకు, ఎవరిదో చెవి దుద్దు మర. అన్నీ రేకు డబ్బాలో వేస్తున్నాడు. అప్పుడు మెట్ల వైపునుంచి ఆయాసం వినపడింది.

ఆవిడను అతను మెట్లావిడ అంటాడు. నలభై ఐదేళ్ళుంటాయి. మంగళవారం మంగళవారం నాలుగో అంతస్తులోని డాక్టరమ్మ దగ్గరికి ఆ పరిశోధన మాత్రల కోసం వస్తుంది. లిఫ్టంటే ఆవిడకు ప్రాణభయం. తలుపులు మూసుకుంటే ఊపిరి ఆడదట. ఆర్నెల్లు మెట్లే ఎక్కింది. రెండు నెలల క్రితం ఒక రోజు లిఫ్టు ముందు నిలబడి, అతను లోపల ఉండటం చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కేసింది. నాలుగో అంతస్తులో దిగి, "ఎవరో పుణ్యాత్ముడిది బాబూ, నా కడుపులో చేరింది. ఆయన ధైర్యం నాకొచ్చినట్టుంది" అంది. ఆ రోజంతా హుషారు కాళ్ళు నేల మీద లేవు. ఆవిడకు వెళ్ళేది తనదేనని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకూడదు కూడా. అయినా నలుగురిలో ఒకడు తానే కదా. అప్పట్నుంచి మంగళవారాలు ఆవిడను లిఫ్టులో ఎక్కించి దింపడం తన పనే అన్నట్టు చూసుకున్నాడు.

ఇవాళ ఆవిడ మెట్లెక్కి వచ్చింది. రెయిలింగు పట్టుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది.

"లిఫ్టు ఉందిగా అమ్మా. మూడో నంబరు పనిచేస్తోంది."

"ఇవాళ మెట్లే బాబూ," అని వెళ్ళిపోయింది.

  హుషారు చేతిలోని పట్టకారు గాడిలో పడిపోతే, దాన్ని తీయడానికి మూడుసార్లు తడుముకోవలసి వచ్చింది. తనలో ఏదో చెడింది. చెడినదాన్నే డబ్బాలో పెట్టి వారానికి రెండుసార్లు తెచ్చి ఇస్తున్నాడు. అది ఆవిడ కడుపులోకి పోయింది. వచ్చిన ధైర్యం వచ్చిన దారినే పోయింది. అతనికి లెక్క ఇంత సూటిగా కనపడింది.

బుధవారం ఇంట్లో భార్య ఒక్కమాట అంది. ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని కూతురి గౌను అంచు మడుస్తోంది. అతను పక్కన కూర్చుని ఇస్త్రీ పెట్టె వైరు బాగుచేస్తానని విప్పాడు. గంటయినా ఆ రెండు తీగలూ అలాగే ఉన్నాయి.

"ఏమండీ, మీరు ఈల వేసి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

"పన్ను నొప్పి కదా."

"పన్ను తగ్గి నెల దాటింది."

మిషను ఆపి అతని వైపే చూసింది. అతను నవ్వాడు. ఆ నవ్వు అతనికి ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తుంది, అదే చిక్కు. ఆమె కాసేపు చూసి, పొట్ట ఎలా ఉందని అడిగింది. అదొక్కటీ నిజమే చెప్పాడు. ఉబ్బరంగానే ఉందన్నాడు. అయితే ఆ డాక్టరమ్మకే చూపించుకోవచ్చుగా, రోజూ అక్కడే తిరుగుతారు, అంది. చూస్తాలే అన్నాడు. విప్పిన వైరును విప్పినట్టే చుట్టేసి అటక మీద పెట్టాడు. ఆమె మళ్ళీ మిషను తొక్కలేదు. గౌను ఒళ్ళో పెట్టుకుని, అతను తిరిగొచ్చి కూర్చునేదాకా చూస్తూనే ఉంది.

గురువారం నెలవారీ తనిఖీ. లిఫ్టు బోను పైకప్పు మీద నిలబడి, మెల్లగా పైకి పోనిస్తూ, తాళ్ళకు నూనె రాసి, ప్రతి అంతస్తు తలుపు గొళ్ళెమూ తట్టి చూడాలి. ఆ పని అతనికి ఎప్పుడూ ఇష్టమే. బావిలాంటి ఆ చీకట్లో, చేతి దీపం వెలుగులో, ఆసుపత్రి చప్పుళ్ళన్నీ గోడ అవతల ఉండిపోతాయి. మధ్యాహ్నానికి ముగించి, పనిముట్లు తుడిచి సంచిలో సర్దుకుని బయటికి వచ్చాడు. చీటీ మీద సంతకం కూడా పెట్టాడు.

ఆ తర్వాత ఏడో అంతస్తులో తలుపు ముందు నిలబడి ఉన్నాడు. మూడుమూలల తాళంచెవి రంధ్రంలో ఉంది. తలుపు తెరిచి ఉంది. లిఫ్టు ఎక్కడో కింద ఉంది. అక్కడ అతనికి పనేమీ లేదు. ఎందుకు తెరిచాడో, ఎంతసేపయిందో తెలియలేదు. కిందినుంచి చల్లటి గాలి, నూనె వాసన వస్తున్నాయి.

"లిఫ్టు పాడయిందా అన్నా?" వెనకనుంచి ఎవరో పేషెంటు తాలూకు మనిషి ఫ్లాస్కు పట్టుకుని అడిగాడు.

"లేదు, బాగానే ఉంది," అని తలుపు మూసి, తాళం తిప్పి, గొళ్ళెం పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. లిఫ్టు వచ్చేదాకా ఆ మనిషికి తోడుగా హుషారు అక్కడే నిలబడి, ఏదో జోకు కూడా వేశాడు. ఫ్లాస్కు మనిషి నవ్వుకుంటూ ఎక్కి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఏడున్నరకు హుషారు గేటు దాటినప్పుడు చేతిలో లంచ్ బ్యాగు లేదు. ఇవాళ పస్తా అని సెక్యూరిటీ తాత అడిగాడు. శాంపిళ్ళ గదిలో నర్సు చేతులకు తొడుగులు వేసుకుని, ఖాళీ బల్ల వైపు చూసి, అతని వైపు చూసింది.

"ఏమయ్యా, బంద్ చేశావా?"

"మేడమ్‌తో మాట్లాడాలి సిస్టర్."

డాక్టరమ్మ కాఫీ కప్పుతోనే వచ్చింది. అతను నిలబడే చెప్పాడు. పన్ను వాపు, ఐదు రోజుల మాత్రలు, పద్నాలుగు డబ్బాలు. తలెత్తకుండా ఒక్క ఊపులో చెప్పేసి, మెట్లావిడ ఎవరో మీకు తెలుసు, ఆవిడ మళ్ళీ మెట్లెక్కుతోంది, అది నా వల్లే, అన్నాడు. ఆవిడకు ఏదైనా విరుగుడు ఇవ్వమని అడిగాడు. 

డాక్టరమ్మ కప్పు కింద పెట్టింది. కోపం చేయలేదు. అసలు ఆవిడ కోపం చేసే మనిషి కాదు. ఫ్రీజరు గదిలోకి వెళ్ళి తేదీలు చూసుకుని వచ్చింది.

"ఏదీ బయటికి పోలేదు. తెచ్చింది తెచ్చినట్టు ఎవరికీ ఇవ్వం. మూడు నెలలు గడ్డకట్టించి ఉంచి, నిన్ను మళ్ళీ పరీక్ష చేశాకే మాత్రలు చేస్తాం. నీ పద్నాలుగు డబ్బాలూ లోపలే ఉన్నాయి. ఇప్పుడు పారేస్తాం. అంతే."

"మరి ఆవిడ?"

ఆవిడకు అసలు మాత్ర వెళ్తోందో ఉత్తది వెళ్తోందో తనకే తెలియదని, తెలిసినా చెప్పకూడదని డాక్టరమ్మ అంది. నర్సు మాత్రం ఉండబట్టలేకపోయింది.

"ఆవిడకేం, గుండ్రాయిలా ఉంది. షుగరు డాక్టరు మెట్లెక్కమన్నాడట. రెండు కిలోలు తగ్గానని మొన్న నా దగ్గర కూర్చుని ఒకటే చెప్పుకోవడం. పోతూ పోతూ లిఫ్టులోనే దిగింది."

హుషారు నవ్వాడు. ఈసారి అది కావాలని తెచ్చుకున్న నవ్వు కాదు. కానీ వచ్చినంత తొందరగానే పోయింది. మూడు రోజులుగా ఆవిడను గురించిన భయాన్ని మోస్తున్నాడు. అది దిగిపోయాక కింద ఇంకొకటి ఉంది, ఎక్కడిదక్కడే.

"మేడమ్, ఆ మాత్రలకి లోపలి జీవులు చస్తే, మనిషి దిగాలు పడతాడా?"

"పడొచ్చు. పడకపోవచ్చు. కొన్ని పరిశోధనల్లో లంకె కనపడింది, కొన్నింట్లో లేదు. దిగులు వల్ల పొట్ట చెడుతుందా, పొట్ట వల్ల దిగులు వస్తుందా అనేది కూడా తేలలేదు." ఈ మాటలు ఆవిడ చాలా మీటింగుల్లో చెప్పి ఉంటుంది. ఎందుకు అడుగుతున్నావని మాత్రం అడగలేదు. వాచీ చూసుకుంది. నిజం చెప్పినందుకు మెచ్చుకుని, రూలు ప్రకారం అతని పేరు జాబితాలోంచి తీసెయ్యాలని, అందుకు తనకూ బాధగానే ఉందని అంది. ముగింపు ఫారం నింపి పంపమని నర్సుకు చెప్పింది. ఈసారి చదివి నింపమని కూడా చెప్పింది. కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

నర్సు మొహం మాడ్చుకుంది. సొరుగు లాగి హుషారు ఫారాలు బయటికి తీసింది. నెలాఖరు దాకా అన్నీ సిద్ధంగా ఉన్నాయి, అన్నిట్లోనూ వరసగా నీలం టిక్కులు. వాటిని సగానికి చించి, మళ్ళీ సగానికి చించి బుట్టలో వేసింది. ఖాళీది ఒకటి తీసి కళ్ళజోడు పెట్టుకుంది.

"కూర్చో. చదవమందిగా, చదువుతాను. గత రెండు వారాల్లో, ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా?"

పెన్ను దాని అలవాటు ప్రకారం 'లేదు' గడి మీదికి వెళ్ళి ఆగింది.  నర్సు తలెత్తింది. ఎనిమిది నెలలుగా వారానికి రెండుసార్లు చూస్తున్న మొహమే. కళ్ళ కింద నలుపు ఎప్పుడొచ్చిందో ఆవిడకు తెలియదు.

"పోయింది సిస్టర్."

పెన్ను పక్క గడిలోకి జరిగింది. రెండోది చదివింది. దిగులు. ఉందన్నాడు. నిద్ర. మూడింటికే మెలకువ వచ్చేస్తోందన్నాడు. ఆకలి, నీరసం, తప్పంతా తనదే అనిపించడం, ఒక్కొక్కటీ ఆవిడ చదివింది, ఒక్కొక్కదానికీ అతను తలూపాడు. ఆరో ప్రశ్న దగ్గర ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఏడు, ఎనిమిది మెల్లగా చదివింది. తొమ్మిదో ప్రశ్నను అతనికి ఆవిడ మొట్టమొదటి రోజు ఒక్కసారే వినిపించింది. ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు.

"బతికి ఉండటం కంటే లేకపోవడమే నయమని..." గొంతు తగ్గింది. "...అనిపించిందా?"

 అతను నడుముకున్న కొక్కెం విప్పాడు. మూడుమూలల తాళంచెవిని తీసి ఫారం మీద పెట్టాడు. తొమ్మిదో వరస దాని కింద కనపడకుండా పోయింది.

"ఇది మీ దగ్గర ఉంచండి సిస్టర్. నిన్న ఏడో అంతస్తులో తలుపు తీశాను. అక్కడ నాకు పనేం లేదు."

నర్సు తాళంచెవిని చూసింది. దాన్ని తీసుకుని తన కోటు జేబులో వేసి గుండీ పెట్టింది. టిక్కు పెట్టలేదు. ఫోను తీసి నాలుగో అంతస్తుకు చేసి, మనిషిని తీసుకొస్తున్నాను, ఇప్పుడే చూడాలి, పరిశోధన కోసం కాదు, అని చెప్పింది. తర్వాత అతని భార్య నంబరు అడిగింది. అతను చెప్పాడు. ఆమెతో ఎక్కువ మాట్లాడలేదు, రమ్మంది, భయపడవద్దంది. ఫోను పెట్టేసి బల్ల అంచు పట్టుకుని లేచింది.

"పద."

లిఫ్టు ముందు అతను అలవాటుగా ఆగాడు. నర్సు ఆగలేదు. అతని మోచేయి పట్టుకుని మెట్ల వైపు తిప్పింది.

"మీకు మోకాళ్ళ నొప్పులు కదా సిస్టర్."

"నొప్పే. నడువు."

రెండంతస్తులు ఎక్కాలి. మొదటి మలుపు దగ్గరికే ఆవిడకు ఆయాసం వచ్చింది. ఒక చేత్తో రెయిలింగు పట్టుకుంది, ఇంకో చేతిని అతని మోచేతి మీదినుంచి తీయలేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

అది ఫారంలో లేని ప్రశ్న. మెట్టు మీద ఆగి, అతను చెప్పడం మొదలుపెట్టాడు.